కుడిచేతి వీడియో

కోడలు షట్టరు సగం పైకెత్తి, వంగి లోపలికి దూరేసరికి చేతిలో ఫోను టింగుమంది. నడుం ఎత్తకుండానే చదివింది. వాళ్ళ షాపు ప్రకటన వీడియోను సైటువాళ్ళు తొలగించారట. అది వేరొకరి సొంతమని ఫిర్యాదు వచ్చిందట. ఆ వేరొకరు ఎవరో కూడా కింద రాశారు. మంచాలు, బల్లలు, కుర్చీలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక పెద్ద కంపెనీ.

ఆ కంపెనీ పేజీ తెరిచింది. మొట్టమొదట కనబడ్డది తమ వీడియోనే. తడి పేముబద్దను కుర్చీ చట్రం కన్నంలోంచి పైకి లాగుతున్న రెండు చేతులు. బొటనవేలి మీద అడ్డంగా పాత గాటు. కన్నంలో చెక్క చీల దిగ్గొట్టి, బద్దను బిగించి, మళ్ళీ కిందకు పోయే వేళ్ళు. ఆ చేతులే కాసేపటి క్రితం ఇంట్లో ఆమెకు కాఫీ గ్లాసు అందించాయి. ఇప్పుడు వాటి మీద బంగారు రంగు అక్షరాలతో 'మా కళాకారుల చేతిపని' అని రాసి ఉంది. వెనకాల వీణో ఏదో మోగుతోంది.

"దొంగే దొంగా దొంగా అని అరుస్తున్నాడన్నమాట," అంది పైకే. ఖాళీ షాపులో ఆ మాట వినడానికి అల్లిక ఊడిన కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

ఆ షాపులో ముగ్గురే మనుషులు. పాత కుర్చీలకు పేము అల్లేది అత్తగారు. చట్రాలు బాగుచేసి పాలిష్ పెట్టేది ఆవిడ కొడుకు. ఫొటోలు తీసి, వీడియోలు చేసి, ఫోను ఎత్తి, బేరాలు తెచ్చేది కోడలు. ఆ వీడియో పెట్టాకే బేరాలు పుంజుకున్నాయి. ఊళ్ళోని పెద్ద గ్రంథాలయం వాళ్ళు దాన్ని చూసే వచ్చారు. చదువుకునే గదిలోని కుర్చీలన్నిటికీ అల్లిక మార్చాలట. అది దొరికితే అద్దె గురించి భయపడకుండా చాలాకాలం పని ఉంటుంది.

షట్టరు పూర్తిగా ఎత్తేలోపే గ్రంథాలయం మేడమ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మెత్తదనమే కోడలికి ఎక్కువ గుచ్చుకుంది.

"ఏమీ అనుకోకమ్మా. మీ వీడియో కమిటీకి చూపిద్దామని తెరిస్తే తీసేసి ఉంది. అదే వీడియో ఆ కంపెనీ పేరుతో ఉంది. అసలు ఆ అల్లిక మీ అత్తగారిదేనా?"

"మా అత్తయ్యదే మేడమ్. వీడియో తీసింది నేనే. వాళ్ళు ఎత్తుకుపోయారు."

"నాకు నమ్మకమే. కానీ కమిటీ నన్ను అడుగుతుంది కదా. శుక్రవారం కూర్చుంటున్నాం. ఆలోపు ఏదో ఒక రుజువు తెచ్చుకోండి. లేకపోతే నేను మీ పేరు ఎత్తలేను."

"తెస్తాను మేడమ్," అంది కోడలు. ఎలా తేవాలో తెలియకుండానే మాట ఇచ్చేసింది.

*

భర్త ఇసుకకాగితంతో కుర్చీ కాలు రుద్దుతూ కంపెనీ వీడియో చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వాడు.

"అమ్మకి కుడిచేతి వాటం ఎప్పుడొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు."

"నవ్వకండి. కొంప మునుగుతుంటే."

ఆయన నవ్వడానికి కారణం ఉంది. అత్తగారిది పుర్రచెయ్యి. దబ్బనం, కత్తి, సుత్తి, ఏదైనా ఎడమచేత్తోనే. కానీ షాపు ముందు ఎవరి నీడ పడినా చాలు, దబ్బనం గబుక్కున కుడిచేతిలోకి మారిపోయేది. ఆ మనిషి వెళ్ళేదాకా ఆవిడ పని చేస్తున్నట్టు నటించేదే గాని, ఒక్క బద్ద కూడా ముందుకు కదిలేది కాదు. వీడియో తీస్తానంటే మొదట ససేమిరా అంది. "పుర్రచేతి పని అచ్చిరాదంటారు. అది చూస్తే వచ్చే బేరం కూడా పోతుంది," అంది. బతిమాలగా బతిమాలగా రెండు షరతులు పెట్టింది. ముఖం కనబడకూడదు, చెయ్యి మార్చెయ్యాలి.

చెయ్యి మార్చడం కోడలికి చిటికెలో పని. అద్దంలో కనబడినట్టు వీడియోను తిప్పేస్తే ఎడమచెయ్యి కుడిచెయ్యి అయిపోతుంది. అయితే అక్షరాలు కూడా తిరగబడతాయి. అందుకని గోడ మీద షాపు బోర్డు తీసేసింది, క్యాలెండరు తీసేసింది, ఆఖరికి జిగురు డబ్బా మీది పేరు కూడా కనబడకుండా డబ్బాను గోడవైపు తిప్పింది. షాపు పేరు, ఫోను నంబరు వీడియో చివర్లో విడిగా అతికించింది. వాళ్ళు ఆ చివరి ముక్క కత్తిరించి తమ పేరు అతికించుకున్నారు. ఎవరి ఇల్లో తెలియకుండా గుమ్మం మీద పేరు చెరిపి, తలుపు బార్లా తెరిచిపెట్టింది తామేనని ఆమెకు ఇప్పుడు తట్టింది.

"మనం ముందు పెట్టాం కదా. తేదీ చూపిస్తే సరిపోదూ?" అన్నాడు భర్త.

"మొన్న ఫోను నంబరు మారిందని పాతది తీసేసి కొత్తగా పెట్టానుగా. పాత తేదీ దాంతోపాటే పోయింది. ఇప్పుడు లెక్క ప్రకారం మనకంటే ముందు పెట్టింది వాళ్ళే."

"తాళం వేశావు, గొళ్ళెం మరిచావు."

"అది నాకు తెలుసు. ఇంకేదైనా ఉంటే చెప్పండి."

ఆయన ఇసుకకాగితం పక్కన పెట్టాడు. "అసలు వీడియో ఉందా? కెమెరాలోంచి తీసింది, తిప్పనిది?"

ఉంది. కంప్యూటరులో, పెళ్ళిఫొటోల పక్కన ఒక మూల దాచి ఉంది. తీసిన తేదీతో, మాటలతో, అత్తగారి ముఖంతో, ఎడమచేత్తో సహా ఉంది. కానీ దాన్ని చెరిపేశానని కోడలు అత్తగారికి చెప్పింది. ఫొటోలు తీసేవాళ్ళకు అసలు ప్రతిని చెరపబుద్ధి కాదు. ఆవిడ పదేపదే అడుగుతుంటే ఒక అబద్ధం ఆడేసింది.

"ఉంది. కానీ అత్తయ్య ఒప్పుకోకుండా బయటికి పంపను."

"అమ్మకి చెప్పకుండా పంపెయ్. ఆవిడేం ఫోను చూస్తుందా ఏమన్నా?"

"వాళ్ళు చేసిందీ అదేగా. అడక్కుండా తీసుకోవడం."

ఆయన మళ్ళీ ఇసుకకాగితం అందుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

*

ముందు వేరే దారులన్నీ చూసింది. షాపు ఫొటోలు, అత్తగారు అల్లిన కుర్చీల ఫొటోలు జతచేసి ఆ సైటువాళ్ళకు అభ్యంతరం రాసింది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. ఈ వీడియో మీరే తీశారని చెప్పే అసలు ప్రతి గాని, అంతకంటే పాత ఆధారం గాని పంపాలట. కంపెనీకి ఫోను చేసింది. ఒక అమ్మాయి తియ్యగా పలికింది.

"మేడమ్, ఆ వీడియో మా క్రియేటివ్ టీమ్ చేసిందండి."

"మీ టీమ్‌లో ఆ చేతులు ఎవరివమ్మా?"

"మా ఆర్టిజన్స్‌వి మేడమ్."

"ఒకసారి ఆ మనిషితో మాట్లాడించు. బొటనవేలు ఎలా తెగిందో అడుగుతాను."

"అలా కుదరదు మేడమ్. మీకు ఆ కుర్చీ నచ్చితే ఇవాళ మంచి డిస్కౌంట్ నడుస్తోందండి. ఆర్డర్ పెట్టమంటారా?"

"మా అత్తయ్య చేతులు మాకే అమ్ముతావా తల్లీ?" అంది కోడలు. అవతల మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని రికార్డు మోగింది. ఆమె ఫోను పెట్టేసి, నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్ళు తాగింది.

మర్నాడు ఇక తప్పదని అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తొట్టిలో నానేసిన పేముబద్దల్ని ఒక్కొక్కటే తీసి, వేళ్ళ మధ్య పెట్టి దువ్వుతోంది. పెళుసుగా ఉన్నవాటిని మళ్ళీ నీళ్ళలోకి వదుల్తోంది. కోడలు పీట వేసుకుని పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. వీడియో పోవడం, మేడమ్ అడగడం, శుక్రవారం సంగతి, అన్నీ. అత్తగారు వింటూనే చట్రం దగ్గరికి జరిగి, మిగిలిన నిలువు వరుసలు ముగించి అడ్డ వరుసలు మొదలుపెట్టింది.

"మరైతే ఏంచేద్దామంటావు?"

"అసలు వీడియో పంపితే సరిపోతుంది అత్తయ్యా. తిప్పనిది."

దబ్బనం ఆగింది. "అది చెరిపేశానన్నావుగా."

"చెరపలేదు. అబద్ధం చెప్పాను."

అత్తగారు దబ్బనాన్ని చట్రం మీద పెట్టింది. అరిస్తే బాగుండునని కోడలు అనుకుంది. ఆవిడ అరవలేదు.

"నా ముఖం కూడా ఉందా అందులో?"

"ఉంది."

"ఎన్నిసార్లడిగాను నిన్ను! పోయిందా, పోయిందా అని. పోయిందత్తయ్యా, పోయిందత్తయ్యా అన్నావు. నన్ను వెర్రిదాన్ని చేశావు. నీకు ఇది నవ్వులాటగా ఉంటుంది. ఈ చేత్తో అన్నం ముద్ద ఎత్తితే అట్లకాడ పెట్టి కొట్టేవాళ్ళు మా ఇంట్లో. పదిమంది ముందు కూర్చోబెట్టి, అదిగో పుర్రచేతిది అనేవాళ్ళు. మళ్ళీ ఇప్పుడు ఊరంతా చూడాలా?"

"తప్పయింది అత్తయ్యా. మీరు వద్దంటే పంపను. ఇంకో దారి చూస్తాను."

"వద్దు," అంది ఆవిడ.

ఆ రోజంతా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఉప్పు కావాలన్నా అత్తగారు కొడుకుతో చెప్పి అడిగించుకుంది. కోడలు మాత్రం కూర్చోలేదు. కుర్చీలు చేయించుకున్న పాత ఖాతాదారులకు ఒక్కొక్కరికీ ఫోను చేసింది. ఆ వీడియో మొదటిసారి పెట్టినప్పుడు ఎవరైనా దాచుకున్నారా అని అడిగింది. ఒకాయన దాచుకున్నానన్నాడు, తీరా చూస్తే అది మనవరాలి డాన్సు. అయినా పట్టు వదల్లేదు. గ్రంథాలయం చేజారినా సరే, ఆ వీడియో తమదని అనిపించుకోకుండా ఊరుకోకూడదని గట్టిగా అనుకుంది.

*

గురువారం పొద్దున పక్క కొట్టు తాళాలాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తాళంచెవులు చేసి చేసి ఊళ్ళో సగం ఇళ్ళ గుట్టు తెలిసిన మనిషి. కడుపులో ఏదీ దాగదు, అలాగని కడుపులో విషమూ లేదు.

"అక్కా, మీ కోడలు ఎవరిదో వీడియో ఎత్తేసిందటగా?"

కోడలు లోపల ఫోనులో మాట్లాడుతోంది. ఆ మాట విని ఫోను చెవి దగ్గర్నుంచి దించేసింది. అటు ఫోనులో మనిషి హలో హలో అంటూనే ఉన్నాడు.

"ఎవరన్నారు?" అంది అత్తగారు.

"ఎవరో ఎందుకక్కా, వీధిలో అందరూ చూశారు. కంపెనీవాళ్ళ పేజీలో ఉంది కదా. కోడలుపిల్ల చురుకైంది, కాదనను. కానీ పెద్దవాళ్ళతో మనకెందుకు? ఒక మాట, తప్పయిందని రాసి పడెయ్యమను. గొడవ వదిలిపోతుంది."

అత్తగారి దబ్బనం అప్పటికే కుడిచేతిలో ఉంది. ఆవిడ దాన్ని కింద పెట్టి లేచి నిలబడింది.

"తప్పయిందని ఎవరు రాయాలి? నా కోడలా?"

"అబ్బే, ఊరికే అన్నాను..."

"ఊరికే అనకు. దొంగతనం అంటగట్టేది ఊరికే అంటారా? నీ టీ చల్లారిపోతోంది, వెళ్ళి తాగు."

తాళాలాయన గ్లాసు వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు. అత్తగారు వెనక్కి తిరగకుండానే, "అమ్మాయ్," అని పిలిచింది. నిన్నటి నుంచి అదే మొదటి పిలుపు.

"చెప్పండి అత్తయ్యా."

"అది పంపెయ్."

"మీ ముఖం కనబడుతుంది. చెయ్యి కూడా."

"తెలుసులే. నన్ను పుర్రచేతిదన్నా పడతాను. అది నిజమేగా. నిన్ను దొంగంటే పడను."

కోడలు అక్కడే నిలబడి ఆవిడనే చూసింది. అత్తగారే విసుక్కుంది. "నిలబడతావేం? మళ్ళీ నేను మనసు మార్చుకునేలోపు పంపెయ్."

ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని ముందొకసారి చూశారు. తెర మీద అత్తగారు ఎడమచేత్తో బద్ద లాగుతోంది. వెనక గోడ బోసిగా ఉంది. చాలాసేపు చేతులే. ఆఖర్న తల పైకెత్తి, నేరుగా కెమెరాలోకి చూసి, "ఇంకెంతసేపే, మెడ పట్టేసింది. చెయ్యి తిప్పేస్తానన్నావు, మర్చిపోకు సుమా," అని గద్దించింది. కోడలి నవ్వు కూడా అందులో వినబడింది. తన మాటే తనకు వినబడేసరికి అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోడలు పంపే బొత్తాం నొక్కింది.

*

శుక్రవారానికి జవాబు రాలేదు. అయినా ఇద్దరూ బయల్దేరారు. కోడలు ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుంది. అత్తగారు పేముబద్దల చుట్టను తడిగుడ్డలో చుట్టి, దబ్బనం, కత్తి, చీలలు, చిన్న సుత్తి సంచిలో వేసుకుంది. అవెందుకని అడిగితే, "పనికెళ్తూ పనిముట్లు ఎందుకంటావేం?" అంది.

చదువుకునే గదికి ఆనుకున్న చిన్న గదిలో కమిటీ కూర్చుంది. మేడమ్, ఇంకో ఇద్దరు, మధ్యలో రిటైరైన లెక్కల మాస్టారు. కోడలు ముందు కంపెనీ వీడియో చూపించింది. తర్వాత అసలుది చూపించింది. మాస్టారు కళ్ళజోడు ఎత్తి రెండిటినీ మళ్ళీ చూశారు.

"ఇవి రెండూ ఒకటెలా అవుతాయమ్మా? అందులో కుడిచెయ్యి. ఇందులో ఎడమచెయ్యి."

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "చెయ్యి ఒకటేనండీ. అది మేమే తిప్పాం. నాది పుర్రచెయ్యి. నలుగురూ చూస్తే బాగుండదని నేనే తిప్పమన్నాను. వాళ్ళు ఆ తిప్పినదాన్ని ఎత్తుకుపోయారు. తిప్పనిది మా దగ్గరే ఉంది, వాళ్ళ దగ్గర ఉండదు."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "బాగానే ఉంది. మరి అలా తిప్పి చూపించడం కూడా జనాన్ని మోసం చెయ్యడమే కదా?"

మేడమ్ ఇబ్బందిగా కదిలింది. అత్తగారు మాత్రం ఆ ప్రశ్నను న్యాయమైనదిగానే తీసుకుంది. కొంచెం ఆలోచించింది కూడా.

"అవునండీ. చెయ్యి విషయంలో చేశాం. అల్లిక విషయంలో చెయ్యలేదు."

గోడవారన అల్లిక తెగి వేలాడుతున్న కుర్చీ ఒకటి ఉంది. ఆవిడ దాన్ని ముందుకు లాక్కుని నేలమీద కూర్చుంది. పాత పేమును కత్తిరించింది. కన్నాల్లో ఇరుక్కున్న ముక్కల్ని సుత్తితో కొట్టి బయటికి తోసింది. మధ్య కన్నంలో మొదటి బద్ద దూర్చి, చీల కొట్టి, రెండోవైపు లాగింది. అన్నీ ఎడమచేత్తోనే. మొదట్లో ఒక చీల జారి దొర్లిపోయింది. నాలుగైదు వరుసలు పడేసరికి చెయ్యి కుదురుకుంది. కమిటీ వాళ్ళు తమ మిగతా పనులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాట్లాడుకుంటూనే మధ్యమధ్య అటు చూస్తున్నారు. ఆవిడ ఎవర్నీ చూడటం లేదు.

వెళ్ళేటప్పుడు మేడమ్ గుమ్మం దాకా వచ్చింది. "సోమవారం వ్యాను పంపగలరా? మొదటి విడత కుర్చీలు తీసుకెళ్ళండి," అంది. కోడలు తలూపింది. మెట్లు దిగాక ఆనందం పట్టలేక అత్తగారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. "వదులు, నరాలు లాగేస్తున్నాయి," అంది ఆవిడ. వదిలించుకోలేదు మాత్రం.

*

ఆదివారం కంపెనీ వీడియో మాయమైంది. తమది తిరిగి వచ్చింది. 'మీ వీడియోను పునరుద్ధరించాం, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని సందేశం. కంపెనీ నుంచి ఒక్క ముక్క లేదు. క్షమాపణ చెబుతారని కోడలు ఆశపడింది కూడా. ఆ ఆశకు తనను తానే తిట్టుకుంది. భర్త పాలిష్ చేతులతోనే వచ్చి చూసి, తాళాలాయనకు చూపించి వస్తానని ఫోను పట్టుకుని ఒక అడుగు వేశాడు.

"ఉండరా," అంది అత్తగారు. "అమ్మాయ్, దాన్ని తీసెయ్."

కోడలికి అర్థం కాలేదు. "ఏది అత్తయ్యా?"

"అదే. ఆ కుడిచేతి వీడియో."

"దానికోసమే కదమ్మా ఇన్నాళ్ళూ కొట్టుకున్నది!" అన్నాడు కొడుకు.

"దానికోసం కాదురా, మీ ఆవిడ మీద పడ్డ మాట కోసం. అది పోయింది. ఇంక ఈ దొంగచెయ్యి నాకెందుకు? తీసెయ్. బోర్డు తెచ్చి గోడకి తగిలించు. జిగురు డబ్బా కూడా ఇటు తిప్పు."

"మళ్ళీ ఎవడైనా ఎత్తుకుపోతే?" అన్నాడు కొడుకు, కోడలి వంక చూస్తూ.

"అసలు ప్రతి నా దగ్గరుంటుంది," అంది కోడలు. "ఈసారి షాపు పేరు చేతుల మధ్యలోనే ఉంటుంది. కత్తిరిస్తే కుర్చీ కూడా పోతుంది."

"పైగా నా మొహం ఉంటుంది," అంది అత్తగారు. "నా మొహం పెట్టుకుని ఎవడు కుర్చీలమ్ముకుంటాడో నేనూ చూస్తాను."

కొడుకు బోర్డు తగిలించాడు. కోడలు కిటికీ వెలుతురు చూసుకుని మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టింది. అత్తగారు కుర్చీ చట్రం ముందు కూర్చుంది. జుట్టు సవరించుకుంది, గొంతు సవరించుకుంది. నవ్వమంటే నవ్వనంది. కన్నంలో బద్ద దూర్చి, దబ్బనం అందుకుని తల పైకెత్తింది.

"ఈ షాపు మాది. కుర్చీలు అల్లేది నేను. నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఈ చేత్తో ఏం చేసినా కొట్టేవాళ్ళు. ఇప్పుడు మీరు కూర్చునే కుర్చీలన్నీ ఈ చెయ్యే అల్లుతోంది. వీడియో తీసింది నా కోడలు. తన పని తనదే, ఎవరిదీ ఎత్తుకురాలేదు." ఇంకేం చెప్పాలో తోచక ఆగింది. "అంతే. కుర్చీలుంటే పట్రండి."

కోడలు కళ్ళు తుడుచుకుని కెమెరా ఆపబోయి, వేలు అక్కడే ఆపేసింది. ఎర్రలైటు వెలగడం లేదు. అత్తగారి మాటలు వింటూ వింటూ, రికార్డు బొత్తాం నొక్కడమే మర్చిపోయింది. కెమెరా కొత్తగా పట్టినవాళ్ళు కూడా చెయ్యని తప్పు. ఆవిడ ఈ మాటలు జన్మలో ఒక్కసారే అనగలదేమోనని భయం వేసింది.

"అత్తయ్యా," అంది నీరసంగా. "నొక్కలేదు."

అత్తగారు బద్దను కన్నంలోంచి వెనక్కి లాగి, మొదట్నుంచి మొదలుపెట్టడానికి ఎడమచేతిలో సర్దుకుంది.

"దానికేం, మళ్ళీ చెప్తాను," అంది. "నొక్కు."